సూట్‌కేసులు సర్ది ఏడాదయింది

ఈ పేజీ రాయకముందు 26 ఏళ్లు అమీర్‌పేటలో టికెట్ల కౌంటర్ వెనక కూర్చున్నాను. వీసా రానందుకు నా ముందు ఏడ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. వీసా వచ్చాక ఏడ్చినవాళ్లను మాత్రం ఎప్పుడూ చూడలేదు. కరోనా వచ్చాక, ఏడాదిన్నరగా అదీ చూస్తున్నాను. ఈ వారం మూడు ఉత్తరాలకు జవాబిస్తాను. మొదటిదానికే ఎక్కువ చోటు పడుతుంది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి. ఇంకోమాట, ఇది 2021 జూలై చివరి వారంలో రాస్తున్నాను. మీ చేతికి అందేలోపు ఏదైనా నియమం మారితే తప్పు నాది కాదు, కాలానిది.

ప్రశ్న: అక్కయ్యగారూ, నమస్తే. మావారు సాఫ్ట్‌వేర్ టెస్టర్, నేను ఇంట్లోనే ఉంటాను. మాకు ఐదేళ్ల బాబు. మార్కుల లెక్కన ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కెనడా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, పెట్టుకున్నాం. పోయినేడాది జూలైలో మెడికల్స్ అయ్యాయి, అక్టోబరులో సీఓపీఆర్, అంటే పీఆర్ మంజూరైందన్న కాగితం, వచ్చింది. అప్పటికి మాలాంటివాళ్లను రానివ్వడం లేదన్నారు, సరే అని ఆగాం. జూన్ 21 నుంచి రావచ్చని కెనడా చెప్పగానే మావారు ఆ మర్నాడే రిజైన్ చేశారు. మియాపూర్‌లో అద్దె ఫ్లాట్ ఖాళీ చేసి వనస్థలిపురంలో మా అమ్మవాళ్లింటికి వచ్చేశాం. బాబుకి టీసీ కూడా తీసుకున్నాం. అయ్యగారిని అడిగి ముహూర్తం పెట్టించుకున్నాం. ఇక్కణ్నుంచి నేరుగా ఫ్లైట్లు లేవు కాబట్టి వేరే దేశం మీదుగా పంపిస్తామని ఒక కన్సల్టెన్సీ మనిషికి మూడున్నర లక్షలు చెప్పి 50 వేలు అడ్వాన్సు తీసుకుంది. ఇవాళ రేపు అంటూనే జూలై 12 దాటిపోయింది, మా సీఓపీఆర్ గడువు కూడా అయిపోయింది. మా పీఆర్ పోయినట్టేనా? ఇంకో సంగతి, నాకిప్పుడు నాలుగో నెల. అది వాళ్లకు చెబితే మళ్లీ లేటవుతుంది, అక్కడికి వెళ్లాక చెప్పుకోవచ్చు అంటున్నారు మా అత్తయ్య. ఆరు సూట్‌కేసులు హాల్లో గోడకు ఆనించి ఉన్నాయి. ఎవరొచ్చినా ముందు వాటినే చూసి "ఇంకా వెళ్లలేదా?" అంటున్నారు. (పేరు వద్దన్నారు, వనస్థలిపురం)

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగినదానికి. మీ పీఆర్ పోలేదు. గడువు తీరింది ఆ కాగితానికే. కానీ ఆ కాగితంతో ప్రయాణం మాత్రం పెట్టుకోకండి. "వెళ్లి అక్కడ ఆఫీసర్‌తో మాట్లాడుకుంటే సరిపోతుంది" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, చెప్పకపోతే ఇక ముందు చెబుతారు. అంతదూరం పోనక్కర్లేదు, శంషాబాద్ చెకిన్ కౌంటర్లోనే ఆపేస్తారు. ఎక్కించుకుంటే ఎయిర్‌లైన్స్‌కే జరిమానా పడుతుంది.

ఇది మీ అజాగ్రత్త కాదు. 2020 మార్చి 18 అని కెనడా ఒక గీత గీసింది. ఆ రోజుకి, లేదా అంతకుముందు పీఆర్ మంజూరైనవాళ్లు సరైన కారణం చూపించి రావచ్చు, ఆ తర్వాత మంజూరైనవాళ్లు ఆగాలి. మా అపార్ట్‌మెంట్‌లోనే, హబ్సిగూడలో, రెండు కుటుంబాలు. ఒకరికి మార్చి 12న వచ్చింది, ఇంకొకరికి ఏప్రిల్ 3న. మొదటివాళ్లు ఆ ఏడాదే వెళ్లిపోయారు. రెండోవాళ్లు మొన్నటిదాకా మా లిఫ్టులోనే కనిపించేవారు. చదువులు ఒకటే, మార్కులు కూడా దాదాపు ఒకటే. ఈ జూన్ 21న ఆ గీత చెరిపేశారు, బాగానే ఉంది. కానీ మన దేశం నుంచి నేరుగా వచ్చే విమానాలను ఏప్రిల్ 22నే ఆపేశారు కదా! తలుపు తీసి వంతెన తీసేసినట్టయింది. ఆ నిషేధాన్ని మొన్న 19న మళ్లీ ఆగస్టు 21 దాకా పొడిగించారు. సీఓపీఆర్ గడువేమో మెడికల్ గడువుతో ముడిపడి ఉంటుంది. మెడికల్ ఏడాదే నిలుస్తుంది. పోయిన జూలైలో మీరు ఎక్స్‌రే తీయించుకున్న రోజు నుంచే ఆ గడియారం తిరగడం మొదలైంది. కరోనా వచ్చిందని అది ఆగలేదు.

ఇప్పుడు చేయాల్సింది. కెనడా ఇమిగ్రేషన్ వాళ్ల వెబ్‌ఫారమ్‌లో ఒక్కసారి రాయండి. రోజూ రాయొద్దు, పది రాస్తే పదో వరసలో పడతారు. మీ ముగ్గురి యూసీఐ నంబర్లు (కెనడా ఇమిగ్రేషన్ వాళ్లు ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు నంబరు), అప్లికేషన్ నంబరు, గడువు తీరిన తేదీ, ఇంకా రావాలనే ఉందన్న మాట, మారిన అడ్రసు రాయండి. గడువు తీరినవాళ్లను వాళ్లే ఈమెయిల్‌లో అడిగి కొత్త కాగితం ఇస్తున్నారు. ఇక్కడో కిటుకుంది. మీ ఫైలు మీద ఉన్న ఈమెయిల్ ఎవరిది? కన్సల్టెన్సీ ద్వారా పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఆ మెయిల్ కన్సల్టెన్సీదే ఉంటుంది. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర, ఉద్యోగం మానేసిన ఎవరో కుర్రాడి ఫోన్‌లో ఉంటుంది. జవాబివ్వమని అక్కడినుంచి మెయిల్ వస్తుంది, చూసే దిక్కుండదు. ఈ రాత్రే మావారిని అడిగి తేల్చుకోండి అని చెబుదామనుకున్నాను, మీవారిని అనాలి. మా ఇంట్లోనూ పాస్‌వర్డ్‌లన్నీ ఆయన దగ్గరే మరి.

మెడికల్స్ మళ్లీ చేయించుకోండని వాళ్లు అడిగేదాకా చేయించుకోకండి. ముందే చేయించుకుంటే ఆ ఏడాది గడియారం మళ్లీ ముందే మొదలవుతుంది. పైగా మీకు ఛాతీ ఎక్స్‌రే తీయాలి. కడుపుతో ఉన్నవాళ్లకు దాన్ని కాన్పు అయ్యేదాకా వాయిదా వేయడమే మామూలుగా జరిగేది.

ఇక మీ అత్తయ్యగారి సలహా. పెద్దావిడ మీ మంచి కోరే చెప్పారు, కానీ అది మాత్రం వినకండి. లాండింగ్ లోపు, అంటే పీఆర్ మీద అక్కడ దిగేలోపు, ఇంట్లో పెళ్లి జరిగినా, బిడ్డ పుట్టినా చెప్పి తీరాలి. చెప్పకుండా దిగి, తర్వాత బిడ్డను స్పాన్సర్ చేసి తెచ్చుకుందామంటే వాళ్ల నియమాల్లో 117(9)(డి) అని ఒకటి అడ్డం పడుతుంది. అప్లికేషన్‌లో చూపించని, పరీక్ష చేయించని బిడ్డ ఫ్యామిలీ స్పాన్సర్‌షిప్ కిందకు రాదు. మీకు పీఆర్, బిడ్డకు అమ్మమ్మ ఇల్లు! అలా చెరొక దేశంలో ఉండిపోయిన తల్లిని కౌంటర్ ముందు చూశాను. ఆవిడ ప్రతి మూడు నెలలకూ టికెట్ కొనుక్కునేది, ఆ కమిషన్ తీసుకోవడానికి నాకు చేయి వచ్చేది కాదు.

మీ లెక్క ప్రకారం కాన్పు డిసెంబరు చివర, కాస్త అటూ ఇటూగా సంక్రాంతి లోపు. వాళ్లు ఫైలు తెరిచి, మెడికల్స్ అడిగి, కొత్త కాగితం పంపేసరికి మీకు ఏడో నెల వచ్చేస్తుంది. 28 వారాల తర్వాత చాలా ఎయిర్‌లైన్స్ డాక్టర్ లెటర్ అడుగుతాయి. కాబట్టి బిడ్డ ఇక్కడే పుడుతుందని అనుకుని ఏర్పాట్లు చేసుకోండి. పుట్టగానే బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించేయండి. బారసాల దాకా ఆగుదామంటారు ఇంట్లో, పేరు లేని సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టుకి ఇబ్బంది. తర్వాత అమీర్‌పేటో, బేగంపేటో, టోలిచౌకో, ఏ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ముందు స్లాట్ దొరికితే అక్కడికి వెళ్లండి. బిడ్డను ఫైలులో కలుపుతారు, మెడికల్ చేయిస్తారు. కాస్త ఫీజు, కొన్ని నెలలు, అంతే.

అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది మీవారి ఉద్యోగం. జూన్ 22న రిజైన్ చేశారంటే, మూడు నెలల నోటీసు ఉండే కంపెనీ అయితే సెప్టెంబరు దాకా ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు. రేపే మేనేజర్‌తో మాట్లాడి రిజిగ్నేషన్ వెనక్కి తీసుకోమనండి. నామోషీ అనుకోవద్దు, ఈ ఏడాది అలా వెనక్కి తీసుకున్నవాళ్లు ఆయనొక్కరే కాదు. చాలా కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్సులో కాన్పు ఖర్చు కూడా ఉంటుంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది. అప్పుడు కాన్పు ఖర్చుకి సెటిల్‌మెంట్ ఫండ్స్ కింద, అంటే అక్కడ స్థిరపడటానికి ఉందని చూపించాల్సిన, దాచిన డబ్బులోంచి తీస్తారు. మళ్లీ కాగితం వచ్చేసరికి ఆ డబ్బు చూపించాలి కదా, ఎక్కణ్నుంచి తెస్తారు?

బాబుకి దగ్గర్లో ఏదో ఒక బడిలో టీసీ ఇచ్చేయండి. ఎలాగూ ఆన్‌లైన్ క్లాసులే. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి అరవకండి. వాట్సాప్‌లో, మెయిల్‌లో రాతపూర్వకంగా డబ్బు వెనక్కి అడగండి. గడువు తీరిన కాగితం మీద వాళ్లు మిమ్మల్ని ఎక్కడికీ పంపలేరు, ఆ ముక్క వాళ్లకీ తెలుసు.

సూట్‌కేసుల సంగతి. మూడింటిని మంచం కిందకు తోసేయండి. కుక్కర్, బాబు స్వెటర్లు, మీ నైటీలు ఉన్నవి విప్పేయండి. ఆవకాయ ప్యాకెట్లు ఉంటే తినేయండి, వచ్చే వేసవికి కొత్తది పడుతుంది. "ఇంకా వెళ్లలేదా?" అన్నవాళ్లకు "కాన్పు అయ్యాక" అనండి. అబద్ధం కాదు, రెండో ప్రశ్న కూడా రాదు.

ప్రశ్న: మేడమ్, నేను కోవాక్సిన్ రెండు డోసులూ వేయించుకున్నాను. కెనడా దాన్ని ఒప్పుకోవడం లేదట. నా భార్యకు కోవిషీల్డ్ మొదటి డోసు జూన్ 30న పడింది. మా సీఓపీఆర్ నవంబరు 18 వరకు ఉంది. వేరే ఆధార్ పెట్టి కోవిషీల్డ్ కూడా వేయించుకోమని ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. వేరే దేశం మీదుగా ఇప్పుడే వెళ్లిపోవడం మంచిదా, ఆగడం మంచిదా? (ఉప్పల్)

జవాబు: బాబూ, ఆ ఫ్రెండ్ సలహా పక్కన పెట్టు. దొంగ వివరాలతో తీసుకున్న సర్టిఫికెట్‌ను కొత్త దేశపు ఇమిగ్రేషన్ ఆఫీసర్ చేతిలో పెట్టి జీవితం మొదలుపెడతావా? ఒంటికి మంచిదా చెడ్డదా అన్నది డాక్టర్‌ని అడుగు, నాకు తెలిసింది కాగితాలే.

సీఓపీఆర్ ఉన్నవాళ్లు దిగడానికీ టీకాకీ సంబంధం లేదు. మన శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో తయారయ్యే టీకాను వాళ్లు గుర్తించకపోవడం బాధగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోకీ అది ఇంకా ఎక్కలేదు. దానివల్ల నీకు తప్పనిది 14 రోజుల క్వారంటైన్. వాళ్లు ఒప్పుకున్న టీకాలు పూర్తయినవాళ్లకు జూలై 5 నుంచి అది తీసేశారు. మూడు రాత్రుల హోటల్ బస మాత్రం ఆగస్టు 9 నుంచి ఎవరికీ ఉండదు, ఆ హోటల్ బిల్లులు విని నేనే గుండె పట్టుకున్నాను.

నీ భార్యకు రెండు డోసుల మధ్య 84 రోజుల లెక్కన రెండో డోసు సెప్టెంబరు 22న పడుతుంది. టీకాలు పూర్తయినట్టు లెక్కలోకి రావడానికి ఇంకో 14 రోజులు కలిపితే అక్టోబరు 6. విదేశం వెళ్లేవాళ్లకు 28 రోజులకే రెండో డోసు ఇస్తారని విని ఉంటావు. ఆ సడలింపు చదువుకోసం వెళ్లేవాళ్లకు, ఉద్యోగంలో చేరేవాళ్లకు, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లేవాళ్లకు. పీఆర్ మీద వెళ్లేవాళ్లన్న మాట ఆ జాబితాలో లేదు. స్టూడెంట్ కాదు, ఉద్యోగీ కాదు, పరుగు పందెం అసలే కాదు. నా రోజుల్లో ఆఫ్రికా వెళ్లేవాళ్లను నారాయణగూడ ఐపీఎం టీకా కేంద్రంలో ఎల్లో ఫీవర్ సూదికి పంపేదాన్ని. ఎవరు, ఎందుకు వెళ్తున్నారని ఎవరూ అడిగేవారు కాదు.

అందుకే ఆగమంటాను. అక్టోబరు రెండో వారానికి అనుకోండి, నవంబరు 18కి ఇంకా నెల ఉంటుంది. ఆలోపు నేరుగా విమానాలు మొదలైతే సరే. సెప్టెంబరు చివరికీ మొదలవకపోతే అప్పుడు వేరే దేశం సంగతి చూడండి. ఆ దారిలో ఎక్కణ్నుంచి కెనడా విమానం ఎక్కుతారో అక్కడే 72 గంటల లోపు పీసీఆర్ చేయించుకోవాలి, ఇక్కడిది చెల్లదు. సెర్బియాకు మనకు వీసా అక్కర్లేదు. మాల్దీవులు మొన్న 15 నుంచి మనవాళ్లను రానిస్తున్నాయి. ఇవి రోజుకోలా మారుతున్నాయి, డబ్బు వెనక్కొచ్చే టికెట్టే కొనండి. ఏజెంట్లు చెప్పని ఖర్చు ఒకటుంది. అక్కడ పరీక్షలో పాజిటివ్ వస్తే కనీసం 14 రోజులు అక్కడే ఉండిపోవాలి. తర్వాత ఆ పాజిటివ్ రిపోర్టే 90 రోజుల దాకా పనికొస్తుంది, అది వేరే సంగతి. ఇద్దరికీ మూడు వారాల గదికీ తిండికీ డబ్బు విడిగా లేకపోతే ఆ దారి పట్టొద్దు. కోవిన్‌లో ఇద్దరి సర్టిఫికెట్లకూ పాస్‌పోర్టు నంబరు జోడించడం ఇప్పుడే చేసేయండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, దిల్‌సుఖ్‌నగర్. మా అబ్బాయి అమెరికా సిటిజన్, డాలస్‌లో ఉంటాడు. మా ఇద్దరికీ 2019లో గ్రీన్‌కార్డుకు వేశాడు. ఎన్‌వీసీలో (ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే అమెరికా నేషనల్ వీసా సెంటర్) కాగితాలన్నీ సరిపోయాయని 2020 ఫిబ్రవరిలో చెప్పారు, ఆ తర్వాత ముంబై ఇంటర్వ్యూ ఊసే లేదు. మనవరాలు పుట్టి ఎనిమిది నెలలైంది, ఫోన్‌లో చూడటమే. మాకు పదేళ్ల విజిటర్ వీసా 2026 దాకా ఉంది. దానిమీద వెళ్లిపోయి అక్కడే గ్రీన్‌కార్డు చేయించుకుంటే ఏమవుతుంది?

జవాబు: మాస్టారూ, వెళ్లడానికే వీల్లేదు. ఏప్రిల్ 30న ఇచ్చిన ఉత్తర్వు మే 4 నుంచి అమల్లో ఉంది. గత 14 రోజుల్లో మన దేశంలో ఉన్నవాళ్లు విజిటర్ వీసా మీద అక్కడ అడుగుపెట్టలేరు. ఇమిగ్రెంట్ వీసావాళ్లకు అది వర్తించదు. అంటే మీరు వెళ్లగలిగిన దారి మీకు ఇంకా రాలేదు, మీ దగ్గరున్న దారి మూసి ఉంది. ఆ ఉత్తర్వు లేకపోయినా వద్దనే అంటాను. అక్కడే ఉండిపోవాలని మనసులో పెట్టుకుని, చూడటానికి వచ్చామని ఆఫీసర్‌కి చెప్పడం అబద్ధం అవుతుంది. పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన నోటితో, ఈ వయసులో, ఆ కౌంటర్ ముందు మీవల్ల కాదు.

మీకు ఇంత ఆలస్యం ఎందుకైందో చెప్తాను, ఎందుకంటే అది మా ఇంటి కథ కూడా. మా అల్లుడికి గ్రీన్‌కార్డు ఉంది. పెళ్లి చేసి 2018లో అమ్మాయికి పెట్టాం. 2020 ఏప్రిల్ 7న ముంబైలో ఇంటర్వ్యూ. మార్చి రెండో వారంలో దాన్ని వెంటబెట్టుకుని ముంబై వెళ్లి మెడికల్ చేయించుకొచ్చాను. మన బేగంపేట కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసాలు ఇవ్వరు కదా, రెండుసార్లు వెళ్లకుండా ఏప్రిల్ దాకా అక్కడే ఉందామంది అది. నేనే వద్దన్నాను. వచ్చిన వారానికి అపాయింట్‌మెంట్లన్నీ రద్దు. ఏప్రిల్ 22న ట్రంప్ సంతకం పెట్టాడు, అమెరికా బయట ఉన్నవాళ్లకు కొత్త ఇమిగ్రెంట్ వీసాలు 60 రోజులు ఆపేశామని. అప్పటికే చేతిలో వీసా ఉన్నవాళ్లను వదిలేశారు. మా దానికి పదిహేను రోజుల తేడా. సిటిజన్ల భార్యాభర్తలకు, 21 ఏళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. గ్రీన్‌కార్డువాళ్ల భార్యలకు ఇవ్వలేదు, సిటిజన్ల తల్లిదండ్రులకూ ఇవ్వలేదు. అలా మీరూ మా అమ్మాయీ ఒకే వరసలో నిలబడ్డారు. ఆ 60 రోజులు డిసెంబరు 31 దాకా, అక్కణ్నుంచి ఈ మార్చి 31 దాకా సాగాయి. బైడెన్ వచ్చి ఫిబ్రవరి 24న రద్దు చేశాడు. ఆ రాత్రి మా ఇంట్లో సేమ్యా పాయసం వండుకున్నాం. ఏప్రిల్‌కల్లా సెకండ్ వేవ్ వచ్చిపడింది.

ఉత్తర్వు పోయింది, పేరుకుపోయిన ఫైళ్లు ఉన్నాయి. అంతే మీ సమస్య. మీ అబ్బాయితో ఎన్‌వీసీ అకౌంటు అప్పుడప్పుడు తెరిపిస్తుండండి, మీ పాస్‌పోర్టుల గడువు చూసుకోండి, అబ్బాయి కొత్త టాక్స్ కాగితాలు సిద్ధంగా పెట్టుకోమనండి. పాతవి చూసి కొత్తవి అడుగుతారు. మెడికల్ మాత్రం ఇంటర్వ్యూ తేదీ వచ్చాకే. మామూలుగా ఆరు నెలలకే దాని గడువు తీరుతుంది, వీసా గడువూ దాంతోపాటే. మా అమ్మాయి మెడికల్ అలాగే వృథా అయింది, మళ్లీ చేయించుకోవాలి.

ఇల్లు అమ్మకండి. మీరు రాయలేదు గానీ, ఈ పాటికి ఎవరో అడిగే ఉంటారు.

మా అమ్మాయి ఆ రోజు సర్దిన పెట్టె ఏడాదిదాకా విప్పనివ్వలేదు. మొన్న బోనాలకు దానంతట అదే తాళం తీసి, పైన పెట్టుకున్న పచ్చ పట్టుచీర కట్టుకుంది. మడతల దగ్గర కొంచెం చీలింది. నేనేమీ అనలేదు.

మీకు ముంబై తేదీ వస్తే ఒక ఉత్తరం ముక్క రాయండి మాస్టారూ. దానికి ముందొస్తే నేనే రాస్తాను.